రెండో బకెట్టు నీళ్ళు

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు మూసుకున్నాక గాని నాకు వెలగలేదు. వెలగడం కూడా కాదు, నెత్తి మీద ఎవరో మోదినట్టయింది. ఇంతసేపూ నా పక్క కుర్చీలో కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, చెప్పండమ్మా ఇంకా చెప్పండి అంటూ నా నోట్లోంచి ఒక్కొక్క మాటే లాగిన ఆ మనిషి ఇప్పుడు వెళ్ళింది నా కూతురి ముందు కూర్చోడానికి. నా కూతురి ముందు కూర్చుని ఏడవడానికి. అదీ నా ఏడుపు. నేను నిమిషం కింద ఆవిడ చేతిలో పెట్టిన ఏడుపు. దిగ్గున లేచి నిలబడ్డాను. నిలబడి ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ కూలబడ్డాను. వరసగా ఒకే కడ్డీకి బిగించిన ఇనప కుర్చీలు, నేను కూలబడేసరికి ఆ చివరిదాకా ఊగాయి. ఆ చివర టీ తాగుతున్న అటెండరు గ్లాసు పైకెత్తి పట్టుకుని, "నిదానం పెద్దమ్మా, పరీక్ష మీ అమ్మాయికి, మీక్కాదు" అన్నాడు. నాకే నాయనా, నాకే, అందామనుకున్నాను.

తలుపుకి గరుకు అద్దం. అందులోంచి మనుషులు మనుషుల్లా కనిపించరు, నీళ్ళలో ఒలికిన రంగుల్లా కనిపిస్తారు. నీలం రంగు మా పండు. పండు అంటే నా కూతురు, ఇంట్లో ఆ పేరే. దానికి ఎదురుగా ఇప్పుడొచ్చి కూర్చున్న ఆకుపచ్చ రంగు ఆవిడ. గోడవార కదలకుండా ఉన్న రెండు నల్లటి మచ్చలు పరీక్ష పెట్టేవాళ్ళు. పండు విదేశం వెళ్ళి సైకాలజీ చదివింది. డిగ్రీ తెచ్చుకుంది, అక్కడ ఆసుపత్రిలో పనీ చేసింది. తిరిగొచ్చాక తెలిసింది, ఆ డిగ్రీ ఇక్కడ గోడకి తగిలించుకోడానికి తప్ప పనికి రాదని. ఈ మండలి వాళ్ళు ఒప్పుకుంటే గాని బోర్డు మీద పేరు రాసుకోకూడదు, ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కష్టం వినకూడదు. ఏమేం చదివావో పాఠం పాఠం చూపించమన్నారు, చూపించింది. ఎవరి దగ్గర పని నేర్చుకున్నావో వాళ్ళచేత చెప్పించమన్నారు. ఆ నేర్పినావిడ ఉద్యోగం మానేసి ఏదో కొండ మీద మేకల్ని పెంచుకుంటోందట, వెతికి పట్టుకుని చెప్పించింది. అన్నీ అయ్యాక, అక్కడి చదువు ఇక్కడి చదువుకి పూర్తిగా సరితూగలేదు, మా కళ్ళముందు పని చేసి చూపించు అన్నారు. ఆ చూపించడం ఇవాళ. ఇది దాటితే పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, వెళ్ళి కూర్చోబోయే గది కూడా చూసొచ్చింది. దాటకపోతే మళ్ళీ మొదట్నించి ఇక్కడ చదవాలి. ఇంక నావల్ల కాదమ్మా, పళ్ళ డాక్టరు దగ్గరే ఉండిపోతాను అంది పొద్దున బస్సులో. ఏడాదిగా పళ్ళ డాక్టరు గుమ్మంలో బల్ల వెనక కూర్చుని, తరవాత ఎవరండీ అని పిలుస్తోంది నా బంగారు తల్లి.

పండుని లోపలికి పిలిచినప్పుడు ముందు ప్రశ్నలూ జవాబులూ ఉంటాయన్నారు. నేను వసారాలో మిగిలాను. అప్పుడొచ్చింది ఆవిడ. వెలిసిన ఆకుపచ్చ చీర, మెళ్ళో ఏమీ లేదు, చేతిలో అరచేతంత అట్ట. దాన్ని చూసి పెదాలు కదుపుతుంది, కళ్ళు మూసుకుంటుంది, చెంపల మీద నీళ్ళు జారతాయి. వెంటనే ముక్కు చీది, ఊహూఁ రాలేదు, అని తనలో తనే అనుకుని మళ్ళీ మొదలెడుతుంది. నాకు మతి పోయింది. కుళాయి తిప్పినట్టు ఏడ్చి, కుళాయి కట్టినట్టు ఆపుతోంది. "ఏమ్మా, నాటకమా?" అన్నాను ఉండబట్టలేక. నవ్వింది. "నాటకమేనమ్మా. మొగుడు పోయినావిడ వేషం. మా ఆయన ఇంట్లో గుండ్రాయిలా ఉన్నాడు, మూడు పూటలా తిని నన్నే తిడుతున్నాడు. ఎంత తలుచుకున్నా ఏడుపు రావట్లేదు." నేనూ నవ్వాను. ఎక్కడో రంగస్థలం మీద ఆడే నాటకం అనుకున్నాను, వచ్చిన పనేదో చూసుకుని పోతుంది అనుకున్నాను. అట్ట నా చేతికిచ్చింది. నేను చదువు నేర్చుకున్నది ఆయన పోయాకే, అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ వెళ్తే గాని నాకు మాట అవదు. భర్త పోయిన స్త్రీ. నిద్ర లేదు. కూతురు ఉంది, మాటల్లేవు. అంతే ఉంది. చదవడం అయిపోయాక కూడా ఆ అట్టని అలాగే పట్టుకుని ఉండిపోయాను. నా బతుకుని అంత చిన్న అట్ట మీద ఎవరు రాశారో, ఎక్కడ చూసి రాశారో. నా మొహం చూసి ఆవిడకి అర్థమైపోయింది. "మీకు కూడానా అమ్మా?" అంది. అనవలసిన మాటే. ఎవరైనా అంటారు. కానీ ఆ తరవాత అడిగింది చూశారూ, అది ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. "నిజంగా ఎలా ఉంటుందమ్మా?"

ఎలా ఉంటుందట! ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఎలా జరిగిందని అడిగారు. తెల్లవారు బండి డ్రైవరు ఆయన, బస్సు డిపోలో పెట్టి, తాళాలు అప్పజెప్పి, బెంచీ మీద కూర్చుని అలాగే పోయారు, బస్సులో ఒక్కరికీ గీత పడలేదు అని చెప్పి చెప్పి నా నోరు అరిగింది. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఈవిడ అడిగింది. నోరు కట్ట తెగినట్టయింది. నీళ్ళ సంగతి చెప్పేశాను. తెల్లవారు బండి అని చీకట్లో లేచి ఆయనకో బకెట్టు, నాకో బకెట్టు నీళ్ళు కాచడం నాకు పెళ్ళయిన మర్నాటి నుంచీ అలవాటు. ఆయన పోయాక కూడా చేతులు మానలేదు. రెండు బకెట్లూ కాచేదాన్ని. నీళ్ళు కాగాయండీ, లేవండి, అని గదిలోకి కేకేసేదాన్ని. లేవకపోతే కోపం వచ్చేది, నిజంగా కోపమే, మళ్ళీ చల్లారిపోయాయని నామీద అరవకండి అని విసుక్కునేదాన్ని. ఆ రెండో బకెట్టు మీద ఆవిరి పోయేదాకా చూసి, వేలు ముంచి చూసి, చల్లగా అయ్యాక పారబోసేదాన్ని. ఇదంతా చెబుతుంటే ఆవిడ కళ్ళార్పలేదు. వేలు ముంచేవారా, అని అడిగింది. ఏ వేలు, అని అడిగింది. చూపించాను. తన వేలు కూడా అలాగే వంచి చూసుకుంది. అప్పుడైనా నాకు బుద్ధి ఉండొద్దూ!

ఆ వేగంలో కూతురి మాటా వచ్చేసింది. అట్ట మీదే ఉంది కదా, మాటల్లేవని. మాకు మాటల్లేకపోవడమేమిటి, కూరేం చెయ్యను, తలుపు గడియ వేశావా, బోలెడు మాటలు. ఆ ఒక్క మాటే లేదు. ఆయన పోయినప్పుడు పండు విదేశం నుంచి వచ్చింది. వచ్చినవాళ్ళందరూ నా కళ్ళు తుడిచేవాళ్ళు, ఊరుకో వదినా, ఊరుకో అక్కా, నువ్వే ఇలా అయిపోతే పిల్లకి ధైర్యం ఎవరు చెబుతారు, మంచినీళ్ళు తాగు. మా ఆడపడుచైతే ఏడవబోతుంటేనే చెంగుతో నా మూతి ఒత్తేసేది. పండు మాత్రం నా మంచం పక్కన కూర్చునేది, రాయిలా. నేను కుళ్ళికుళ్ళి ఏడిస్తే నా మొహం చూస్తూ కూర్చునేది. చేతిలో రుమాలుంది. మడత పెట్టిన రుమాలు, గుప్పిట్లో. అది నాకు ఇవ్వలేదు, నా కళ్ళు తుడవలేదు, ఊరుకోమని ఒక్కమాట అనలేదు. అది కూడా ఏడవలేదు. వాకిట్లో మా ఆడపడుచు అందరికీ వినబడేలాగే అంది, పరాయి గాలి తగిలి పిల్ల రాయైపోయిందని. నేను కాదనలేదు. ఆ రుమాలు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుందమ్మా, అన్నాను ఈవిడతో. ఈవిడ తల ఊపుతూ, చాలా మామూలుగా, ఇంటి పక్కావిడ వంట కిటుకు చెప్పినట్టు, "అదా! వీళ్ళు తుడవకూడదు కదమ్మా. రుమాలిస్తే ఇక చాలు ఆపమన్నట్టేనట. ఇక్కడికొచ్చేవాళ్ళలో సగం మంది నేను ఏడవగానే గబుక్కున ఇచ్చేస్తారు. మార్కు పోతుంది పాపం" అంది. ఇక్కడికొచ్చేవాళ్ళా? నేను ఏడవగానేనా? అడగబోయేలోపే తలుపు తీసి అటెండరు కేకేశాడు. "ఏడుపమ్మగారూ, మీదే ఆలస్యం!" ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ లేచింది. కొంగు అలా వేలికి చుట్టుకోవడం ఇందాకటిదాకా ఆవిడకి లేదు. అది నా అలవాటు.

అలా జరిగింది. ఇప్పుడు తలుపు మూసి ఉంది. ఏది ముందు ఆలోచించాలో కూడా తెలియడం లేదు. ఆపమన్నట్టు. రుమాలిస్తే ఆపమన్నట్టు. అంటే అది నన్ను ఆపకూడదని కూర్చుందా? మంచం చుట్టూ ఉన్న అందరూ నా నోరు మూస్తుంటే అదొక్కతే ఏడవనిచ్చిందా? ఆ రుమాలు గుప్పిట్లో నలిపి నలిపి ముద్దయిపోయింది, అది కూడా నాకు గుర్తుంది, ఇచ్చెయ్యాలని ఎంత అనిపించి ఉంటే అంత నలిగి ఉంటుంది? ఇన్నాళ్ళు దాన్ని నేను. వద్దు, అది తరవాత. ముందు ఇది. ఆ ఆకుపచ్చావిడ ఇప్పుడు మాట్లాడుతోంది. అద్దంలో ఆ రంగు ముందుకి వంగింది. నీళ్ళ సంగతి చెబుతోందా? వేలు ముంచుతోందా? పండుకి నీళ్ళ సంగతి తెలీదు. దానికే కాదు, ఎవరికీ తెలీదు. పోయినాయన్ని నీళ్ళకి లేపుతోందని తెలిస్తే పిచ్చెక్కిందనరూ? సైకాలజీ చదివిన కూతురికి అసలు చెబుతానా? బస్సు డ్రైవరు మొగుడు అంటే బోలెడు మంది ఉంటారు, గుర్తుపట్టదులే. కొంగు వేలికి చుట్టుకుంటే గుర్తుపడుతుంది. రుమాలు మాట వస్తే, నా కూతురు రుమాలు చేతిలో పెట్టుకుని కూడా అని ఆవిడ అంటే, ఇంకేం మిగిలింది? ఎదురుగా ఇద్దరు పరీక్షకులు. ఉద్యోగం అందులో ఉంది. దాని రెండేళ్ళ తిరుగుడు అందులో ఉంది. అది విని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, గొంతు పోతే, లేచొచ్చేస్తే? నా చేతులతో నేను నా పిల్లని. వెళ్ళి తలుపు కొట్టనా? ఆ ఏడుపు నాది, ఇచ్చెయ్యండి అననా?

"బాబూ, ఆవిడతో ఒక్కమాట చెప్పాలి" అన్నాను అటెండరుతో. "ఎవరితో, ఏడుపమ్మగారితోనా? తలుపు మూశాక దేవుడొచ్చినా తియ్యను పెద్దమ్మా. టీ చెప్పనా?" అన్నాడు. తెచ్చి చేతికిచ్చాడు కూడా. గ్లాసు వేడి నా వేళ్ళకి తగులుతోంది, తాగడం తట్టడం లేదు. గోడ మీద బోర్డు ఉంది, మండలి పేరు. చదువుదామని మొదలెట్టి రెండో అక్షరం దగ్గరే ఆగిపోయాను. నా కళ్ళు అద్దం మీదకే పోతున్నాయి. సొంతవాళ్ళకి చేయకూడదు అత్తా, అంది పండు ఒకసారి. మా ఆడపడుచు కూతురు పెళ్ళి చేసుకోనని తలుపేసుకుంటే, నువ్వు నాలుగు మాటలు చెప్పవే సైకాలజీ చదివావుగా అని ఆడపడుచు అడిగింది. అప్పుడన్న మాట అది. రక్తసంబంధం వాళ్ళని కూర్చోబెట్టకూడదు, వేరే వాళ్ళ దగ్గరికి పంపిస్తాను, నేను వింటే సరిగ్గా వినలేను అత్తా అంది. సొంతవాళ్ళకి పనికిరాని చదువుకి విమానం ఎక్కడం ఎందుకమ్మా అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది ఆడపడుచు. సరిగ్గా వినలేనంది. నేను వింటే సరిగ్గా వినలేను. ఇప్పుడు వింటోంది. ఆవిడ నోట నన్ను వింటోంది.

అద్దంలో నీలం రంగు లేచింది.

లేచిన రంగు లేచినట్టే నిలబడి, ఆకుపచ్చ వైపు కాదు, గోడవార నల్లమచ్చల వైపు తిరిగింది. నల్లమచ్చల్లో ఒకటి కదిలింది. మాటలు వినబడలేదు. ఒక కుర్చీ జరిపిన చప్పుడు. తరవాత తలుపు తెరుచుకుని ఆవిడ ఒక్కతే బయటికొచ్చింది, వెనక తలుపు మళ్ళీ మూసుకుంది. ఆవిడ చెంపలు తడిగా ఉన్నాయి, ఈసారి ముక్కు చీదలేదు, నటన కాదది. తిన్నగా నా దగ్గరికొచ్చి నా ముందు నిలబడింది. "మీ అమ్మాయా?" అంది. తల ఊపాను. "ముందే చెప్పకూడదుటమ్మా! ఎంత పని చేశారు! ఎంత పని చేయించారు నాచేత!" అని నా పక్కన కూలబడింది. కుర్చీలన్నీ ఊగాయి. నీళ్ళ సంగతి చెప్పినంతసేపూ పండు బాగా విన్నదట, ఎవరూ ఇంతవరకూ అలా వినలేదంది. రుమాలు మాట దగ్గర మొహం తెల్లబోయిందట. లేచి, పరీక్ష పెట్టే ఆ పెద్దాయన వైపు తిరిగి, క్షమించండి, ఇక నేను వినకూడదు, ఈవిడ మా అమ్మ, అందట. "ఈవిడ మా అమ్మ! నన్ను చూపించి! ఆ పెద్దాయన నన్నూ మీ అమ్మాయినీ మార్చి మార్చి చూశాడు. నాకు పెళ్ళే మొన్నమొన్న అయింది తల్లీ, అన్నాను, నోరు జారి. ఎవరూ నవ్వలేదు." మరి పరీక్ష? "ఏమో అమ్మా. మధ్యలో ఆపేసినవాళ్ళని నేను చూళ్ళేదు." ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయి, మానేసి, తన చేతిలోని అట్టని రెండుగా మడిచింది. నా బతుకు రెండు మడతలైంది.

ఎంతసేపైందో. అటెండరు లోపలికీ బయటికీ తిరిగాడు. ఆఖరికి ఎవరితోనో ఫోనులో, ఆయన్ని వెంటనే రమ్మనండి, మళ్ళీ మొదట్నించట, అన్నాడు. మొదట్నించా? అంటే పోలేదా? అటెండరు మొహంలోకి చూశాను, అతను చేతులు తిప్పాడు, నాకేం తెలుసన్నట్టు. పరుగెత్తుకుంటూ ఒక లావుపాటాయన వచ్చాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయన చేతిలోనూ అట్ట. నా పక్కన కూర్చుని చెమట తుడుచుకుని, ఏడుపావిడ వైపు ఒకసారి చూసి, నావైపు వంగాడు. "మీరేనట కదా పెద్దమ్మా, ఫోనులో చెప్పారు, ఈవిడకి బాగా నేర్పారట. నాది ఉద్యోగం ఊడినవాడి వేషం. మీ ఇంట్లో ఎవరికైనా..." కొంగు తీసి నోట్లో కుక్కుకున్నాను. "నాకేం తెలీదు నాయనా. మా ఇంట్లో ఎవరికీ ఏ ఉద్యోగమూ ఊడలేదు. నాకసలు ఇల్లే లేదు" అన్నాను కొంగులోంచే. ఏడుపావిడ పక్కన ఫక్కుమంది. ఆయన బిక్కమొహం వేసుకుని లోపలికి వెళ్ళాడు.

మళ్ళీ అద్దం. నీలం రంగు, లావుపాటి తెల్లరంగు. నీలం కదలడం లేదు. ఆ కదలకపోవడం నాకు తెలుసు, నా మంచం పక్కన అలాగే ఉండేది. రాయి అనుకున్నాను. అలా కూర్చోడానికి ఎంత బలం కావాలి? సొంత తండ్రి పోయి, సొంత తల్లి ఎదురుగా కుళ్ళిపోతుంటే, ఏడవకుండా, ఏడవొద్దనకుండా. సరిగ్గా వినలేనని తెలిసీ కూర్చుని విన్నదన్నమాట. తన ఏడుపు ఎక్కడ పెట్టుకుంది మరి? విమానంలో ఏడ్చిందా, అక్కడి గదిలో ఏడ్చిందా? ఎప్పుడూ అడగలేదు నేను. ఆ ఆకుపచ్చావిడ నన్నడిగిన ఆ ఒక్క మాటా నేను నా పిల్లని అడగలేదు. టీ చల్లారిపోయింది. వేలు ముంచి చూశాను. ముంచాక చూసుకుని ఉలిక్కిపడి తీసేశాను.

తలుపు తెరుచుకుంది. ముందు లావుపాటాయన, తరవాత పెద్దాయన, తరవాత కళ్ళద్దాల పెద్దావిడ. ఆవిడ నా ముందు ఆగింది. "మీరేనా?" అంది. "నేనేనండి" అన్నాను, దొంగ సొత్తుతో దొరికినట్టు. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయింది. అటెండరు పరుగున వచ్చి, "ఏం పెద్దమ్మా, అలా బిగుసుకుపోయారు? అయిపోయిందిగా! కాగితం తరవాత ఇంటికొస్తుంది, పని మాత్రం చేసుకోవచ్చన్నారు. మిఠాయి ఏదీ?" అన్నాడు. వినబడింది. లోపలికి దిగలేదు. పండు గుమ్మంలో నిలబడి ఉంది. నీలం రంగు కాదు, మనిషి. వచ్చి నా పక్కన కూర్చుంది. ఉద్యోగం మాట చెబుతుందనుకున్నాను, తిడుతుందేమోననుకున్నాను. నేల చూస్తూ, "ఎన్నాళ్ళు?" అంది.

"ఏమిటే?"

"ఆ నీళ్ళు. నాన్నవి. ఎన్నాళ్ళు కాచావు?"

ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. నెల అనొచ్చు, సంవత్సరీకం దాకా అనొచ్చు. లోపల అంతమంది ముందు నిజం చెప్పి లేచి నిలబడ్డ పిల్ల. "మానలేదే పండూ" అన్నాను. "ఈ పొద్దున కూడా కాచాను. నువ్వు తిరిగొచ్చిన దగ్గర్నుంచి పారబోయడం లేదు, అంతే. నీళ్ళు కాగాయని నేను కేకేస్తే నువ్వే వస్తున్నావుగా."

తల తిప్పి నావైపు చూసింది. "నేను పోసుకునేవి నాన్న నీళ్ళా?"

అవునన్నాను. దాని మొహం చిన్నప్పుడు దెబ్బ తగిలాక, ఏడుపు రాబోయే ముందు, ఊపిరి బిగబట్టినప్పటిలా అయింది. ఇన్నేళ్ళలో నేను చూడని మొహం. నాన్నా అంది, ఒక్కసారే. తరవాతవన్నీ మాటలు కావు. నా ఒళ్ళో తల పెట్టేసి, చీర గుప్పిళ్ళతో పట్టుకుని, ఆ వసారాలో, అందరి ముందూ. ఏడుపావిడ లేచి నిలబడిపోయింది. అటెండరు కంగారుపడి, "అదేంటమ్మా, పాసైతే ఏడుస్తారా ఎవరైనా? పెద్దమ్మా, ఊరుకోమని చెప్పండి. మంచినీళ్ళు తేనా?" అన్నాడు.

"వద్దు బాబూ. ఏడవనీ" అన్నాను.

కొంగు అప్పటికే నా చేతిలోకి వచ్చేసింది, దాని చెంప దాకా వెళ్ళిపోయింది. అక్కడ ఆపాను. వెనక్కి తీసుకుని, గుప్పిట్లో పెట్టుకుని, నలుపుతూ కూర్చున్నాను.